దాని పని అది చేసుకుంటుంటే తీసిందే ఫోటో (ప్రసంగ పాఠం)

(ఆదివారం పొద్దున మా కాలనీ హాల్లో వాకర్స్ అందరూ కలిసి పెట్టుకున్న మీటింగ్‌లో జంతువుల, పక్షుల ఫోటోలు తీయటం గురించి మాట్లాడింది ఇది. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది ఎలా ఉందో అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్ళు ఎలాగూ లేవరు, వాళ్ళని నేనేం అనను.

నన్ను పిలిచినప్పుడు పులుల గురించి చెప్పమన్నారు. చెప్తాను, చెప్పకపోతే మీరు వదలరు కూడా. కానీ ముందు మన చెరువు గురించి, కరెంటు తీగ మీద కూర్చునే పిట్ట గురించి చెప్తాను. ఎందుకంటే ఇక్కడ చెయ్యి తిరగనివాళ్ళు తాడోబా, కబిని లాంటి పులుల అడవులకి వెళ్ళినా, అంత ఖర్చు పెట్టుకుని ఆఫ్రికా వెళ్ళినా తెచ్చుకునేది ఒకటే, జంతువు వీపు. అదీ కాకపోతే ముందున్న జిప్సీలో, అదే సఫారీ జీపులో, నిలబడ్డాయన టోపీ.

ఒక మాట ఇవాళ చాలాసార్లు చెప్తాను, విసుక్కోకండి. జంతువు దాని పని అది చేసుకుంటూ ఉండాలి. తింటోందా, తిననివ్వాలి. పడుకుందా, పడుకోనివ్వాలి. మనం వెళ్ళి నిలబడగానే అది చేసే పని ఆపేసి, మెడ నిక్కించి, మనవైపే చూస్తూ బిగుసుకుపోయిందనుకోండి, ఫోటో అక్కడితో అయిపోయినట్టే. ఆ తర్వాత మనకి దొరికేది దాని భయం. చాలామంది దాన్నే మంచి ఫోటో అనుకుంటారు, "చూడండి సార్ నా కళ్ళలోకే చూస్తోంది" అని. చూస్తోంది నిజమే, ఎటు పారిపోదామా అని చూస్తోంది!

సరే, మరి దాని పని అది చేసుకుంటుంటే మనం దగ్గర్లో ఉండటం ఎలా? దూరం వెళ్తే కుదరదు. సెలవు పెట్టి ఎక్కడికో వెళ్ళి మూడు రోజుల్లో వచ్చేస్తాం, అక్కడి జంతువు మనకి అలవాటు కాదు, మనమూ దానికి అలవాటు కాము. ఇంటి దగ్గరయితే రోజూ వెళ్ళొచ్చు. ఉదాహరణకి గిజిగాడు. ఇక్కడ ఎంతమంది చూశారు గిజిగాడు గూడు? అందరూ చూసే ఉంటారు, బావి మీదకి వంగిన తుమ్మకొమ్మకో, ఈతచెట్టుకో, తాటిమట్టకో వేలాడుతూ ఉంటుంది. కట్టేటప్పుడు ఎంతమంది చూశారు? చూశారా, చేతులు తగ్గిపోయాయి.

వానలు మొదలయ్యాక ఊరి బయటికి వెళ్ళి ఒక్క చెట్టు పట్టుకోండి. గూడు కట్టేది మగది. తల పసుపు రంగులో మెరుస్తూ ఉంటుంది. వరి ఆకునో చెరుకు ఆకునో అంచు దగ్గర కొరికి సన్నగా చీల్చి, పొడుగాటి పీలిక ముక్కున పట్టుకుని వస్తుంది. ఒక గూడు పూర్తవటానికి దాదాపు 18 రోజులు, దానికోసం ఐదొందలసార్ల దాకా తిరుగుతుందని లెక్క. సగం కట్టాక, హెల్మెట్ ఆకారం వచ్చాక, ఆపి కొమ్మకి వేలాడుతూ రెక్కలు ఆడిస్తుంది, ఆడపిట్ట వచ్చి చూసుకోవాలి కదా. నచ్చితేనే మిగతాది కడుతుంది, నచ్చలేదంటే ఆ సగం గూడు అలా వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది.

ఇప్పుడు ఫోటో తీసేవాళ్ళకి దీంట్లో లాభం ఏంటంటే, అన్నిసార్లు అదే దారిలో వస్తుంది. అదే పొలం వైపు నుంచి వచ్చి అదే గూటికి పోతుంది. రెండు రోజులు కెమెరా తీయకుండా ఊరికే చూడండి, ఎటునుంచి వస్తుందో, ఏ కొమ్మ మీద ఒక్క క్షణం ఆగుతుందో తెలిసిపోతుంది. ఎగిరే పిట్టని లెన్సుతో వెతుక్కుంటూ పట్టుకోవటం మొదట్లో ఎవరివల్లా కాదండి, అది వచ్చే చోట ముందే ఫోకస్ పెట్టుకుని కూర్చోవటం అందరివల్లా అవుతుంది. షట్టర్ స్పీడు, అంటే కెమెరా కన్ను తెరిచి మూసే సమయం, సెకనులో 1/2000 వంతు అయినా పెట్టుకోండి, ఫోటోలో రెక్క ఇంకా గట్టిగా ఆగాలంటే 1/3200. రోడ్డు మీదే ఉండండి, చెట్టు కిందకి పోకండి. మీరు రోడ్డు మీద ఉంటే అది పట్టించుకోదు, బళ్ళు పోతూనే ఉంటాయి కాబట్టి. చెట్టు కిందకి పోయారో, ముక్కులో పీలిక పట్టుకుని వైరు మీద కూర్చుని మిమ్మల్ని తిడుతుంది.

బళ్ళు అంటే గుర్తొచ్చింది, అన్నిటికన్నా మంచి దాక్కునే చోటు మన కారే. కారు ఆగినా పిట్టలు పెద్దగా లెక్కచేయవు, మనిషి తలుపు తీసి కాలు కింద పెట్టాడంటే లేచిపోతాయి. ఇంజన్ ఆపేయాలి, లేకపోతే అదురు లెన్సుకి ఎక్కుతుంది. అద్దం దించి, దాని మీద ఒక సంచీలో బియ్యమో చిక్కుడు గింజలో పోసి మూతి కుట్టి పెట్టుకుంటే లెన్సు కదలదు. షాపుల్లో దీన్నే బీన్ బ్యాగ్ అని అమ్ముతారు, కొనక్కర్లేదు, ఇంట్లో పాత జీన్స్ కాలు ఉంటే చాలు.

ఇలా కారులోంచి తీయటానికి పాలపిట్టని మించింది లేదు. మన తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా రోజు దాన్ని చూడాలని అందరం తాపత్రయపడతాం, దానికోసం పంజరంలో పెట్టి డబ్బులకి చూపించేవాళ్ళు తయారయ్యారు, అది నేరం అండి, అలాంటివాళ్ళకి పది రూపాయలు కూడా ఇవ్వకండి. చలికాలం ఊరు దాటి పొలాల పక్కన ఏ రోడ్డు మీద పోయినా తీగ మీద ఉంటుంది. కూర్చున్నప్పుడు చూస్తే మట్టి రంగులో ఏముంది ఇందులో అనిపిస్తుంది. రెక్క విప్పితేనే నీలం. అంటే ఎగిరే క్షణమే కావాలి. ఎప్పుడు ఎగురుతుందో ఎలా తెలుస్తుంది? పాప ముందుంది, ఏమనుకోకమ్మా, చాలా పిట్టలు ఎగరబోయే ముందు రెట్ట వేస్తాయి. బరువు దించుకుని లేస్తాయన్నమాట. కొంచెం ముందుకి వంగి, రెట్ట వేసిందంటే మీ వేలు బటన్ మీద ఉండాలి. ఫోటోగ్రాఫర్లందరికీ తెలిసిన రహస్యమే, స్టేజీల మీద చెప్పరు అంతే.

సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి, పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత. మధ్యలో వెళ్ళకండి. ఇది మామూలుగా అందరూ చెప్పేదే, వెలుతురు గట్టిగా ఉంటుంది, నీడలు నల్లగా పడతాయి అని. అసలు గొడవ వేరే ఉంది, ఎండ సెగ. ఎండాకాలం రోడ్డు మీద దూరంగా నీళ్ళలా ఊగుతూ కనపడుతుంది చూశారా, ఆ ఊగే గాలి మీకూ జింకకీ మధ్యలో ఉంటే ఎంత లెన్సు పెట్టినా ఫోటో మెత్తగా, మసకగా వస్తుంది. లెన్సు పాడైందని సర్వీస్ సెంటర్ చుట్టూ తిరిగేవాళ్ళని చూశాను. లెన్సు శుభ్రంగా ఉంది బాబూ, పొద్దున్నే లేవాలి నువ్వు.

తెల్ల కొంగల్ని తీసేటప్పుడు కెమెరా మోసపోతుంది, చుట్టూ నల్లటి నీళ్ళు చూసి వెలుతురు పెంచేస్తుంది, కొంగ సున్నం ముద్దలా అయిపోతుంది, ఈకలు కనపడవు. ఎక్స్‌పోజర్ ఒక పాయింట్ తగ్గించుకోండి. ఇంకోటి, కూర్చోండి. కుదిరితే పడుకోండి. కట్ట మీద నిలబడి కిందున్న బాతుని తీస్తే వెనకంతా నీళ్ళే, అతికించినట్టు ఉంటుంది. దాని కంటి ఎత్తుకి మీరు దిగితే వెనకాల దూరం అంతా కరిగిపోయి పిట్ట ఒక్కటే నిలబడుతుంది. బట్టలు మాస్తాయి, ఇంట్లో మాట పడతాం, తప్పదు.

ఇప్పుడు మన హైదరాబాద్ అంచున ఉన్న అమీన్‌పూర్ చెరువు. మియాపూర్ దాటి కొంచెం ముందుకి పోతే వస్తుంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు, మన దేశంలో నగర ప్రాంతంలో ఉన్న నీటి వనరుకి ఆ గుర్తింపు రావటం అదే మొదలు. అక్కడికి ఫ్లెమింగోలు కూడా వస్తాయి. అందరూ ఏం చేస్తారంటే, ఫ్లెమింగోని తీసి వెనకాల అపార్టుమెంట్లు కనపడకుండా కత్తిరించి పెడతారు. ఎందుకండీ? చుట్టూ అపార్టుమెంట్లు లేచిన చెరువులో నిలబడి ఆ పక్షి బురదలో ముక్కు తలకిందులు చేసి తింటోంది, అసలు సంగతి అదే కదా! పులికాట్‌లో తీసినట్టు కనపడాలంటే పులికాట్ వెళ్ళొచ్చు, దాని పక్కనున్న సూళ్ళూరుపేట ఏమంత దూరం? మన చెరువులో తీసిన ఫోటో మన చెరువులా ఉండాలి. దీనికి పెద్ద లెన్సు కూడా అక్కర్లేదు, ఫోన్ చాలు. పిట్ట చిన్నగా ఉన్నా ఫర్వాలేదు, అది ఎక్కడ బతుకుతోందో తెలియాలి. నాకయితే నోరు తెరిచిన పెద్ద పులి ముఖం కన్నా అలాంటి ఫోటోనే ఎక్కువసేపు చూడాలనిపిస్తుంది. మీరు ఒప్పుకోకపోవచ్చు, సరే.

మనుషుల మధ్య బతికే పక్షులు అంటే అనంతపురం వైపు వీరాపురం చూడాలి, చిలమత్తూరు దగ్గర. ఊళ్ళో చింతచెట్ల మీద, ఇళ్ళ మధ్య, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెడతాయి. జనవరి ప్రాంతంలో వస్తాయి, పిల్లలు ఎగిరాక పోతాయి. ఊరివాళ్ళు వాటిని పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లల్లాగ చూసుకుంటారు, ఎవర్నీ కొట్టనివ్వరు. శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం, తేలుకుంచి కూడా ఇలాంటి ఊళ్ళే, గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు సరేసరి. ఇలాంటి చోట పిట్టలు మనిషిని చూసి బెదరవు, దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది, పక్కనే పిల్లలు క్రికెట్ ఆడుతున్నా సరే. కానీ అది ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి సంపాదించుకున్న నమ్మకం, మనం ఒక్క ఆదివారం వచ్చి డ్రోన్ ఎగరేస్తే పోతుంది. ముందు ఊళ్ళో పెద్దవాళ్ళెవరితోనైనా మాట్లాడండి, టీ తాగండి, తర్వాత కెమెరా తీయండి.

గూళ్ళ గురించి గట్టిగా చెప్పాలి. ఊరంతటి కొంగల కాలనీ వేరు, ఒంటరి గూడు వేరు. తీతువు పిట్ట ఉంది కదా, రాళ్ళలో నేల మీదే గుడ్లు పెడుతుంది, అచ్చం రాళ్ళలాగే ఉంటాయి. మండే ఎండల్లో ఆ గుడ్ల మీద కూర్చునేది పొదగటానికి అనుకుంటాం, నీడ ఇవ్వటానికి కూడా. చెరువుకి పోయి పొట్ట ఈకలు తడుపుకొచ్చి మరీ గుడ్లని చల్లబరుస్తుంది. మనం ఫోటో అని దగ్గరకి పోతే లేచి అరుస్తూ చుట్టూ తిరుగుతుంది. మనకి మంచి యాక్షన్ దొరికింది అనుకుంటాం, అక్కడ గుడ్లు ఉడికిపోతుంటాయి. పైగా కాకి చూస్తూ ఉంటుంది, మనిషి ఎక్కడ వంగి చూశాడో అక్కడే ఏదో ఉందని దానికి తెలుసు. గూటి చుట్టూ ఆకులు అడ్డమొచ్చాయని కొమ్మలు విరిచేవాళ్ళూ ఉన్నారు, ఆ ఆకులు దానికి గొడుగు, గోడ రెండూ. ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పిలవటం కూడా ఇంతే, తన చోట్లోకి ఇంకో మగది వచ్చిందేమోనని అది వేట మానేసి పోట్లాటకి వస్తుంది.

సరే, పులి. అడుగుతున్నారు వెనకనుంచి. మనకి దగ్గర్లో సులువుగా కనపడేది మహారాష్ట్రలోని తాడోబాలో, బల్లార్షా మీదుగా చంద్రపూర్ వెళ్ళి, మొహర్లీ గేటు. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది, మన తెలంగాణలోని అమ్రాబాద్ పులుల అడవి దాన్ని ఆనుకునే ఉంటుంది, ఫర్హాబాద్ దగ్గర సఫారీ ఉంది. కానీ ఆ నల్లమలలో పులి అంత తొందరగా కనపడదు, కొండలు, లోయలు, దట్టమైన పొదలు. నల్లమలకి పులికోసం వెళ్ళకండి, నల్లమలకోసం వెళ్ళండి. అక్కడ చెంచులు నేల చూసి చెప్తారు, ఈ అడుగు రాత్రిదా పొద్దుటిదా, ఆడదా మగదా అని. ఆ మాటలు వింటూ నడిచేవాడికి ఫోటో దొరక్కపోయినా ఏమీ పోదు.

తాడోబాలో ఎండాకాలం నీటిగుంటల దగ్గర పులి వెనక్కి నడుచుకుంటూ వచ్చి, నడుము దాకా నీళ్ళలో కూర్చుంటుంది. అప్పుడు ఏమవుతుందో తెలుసు కదా, వైర్‌లెస్ లేకపోయినా వార్త పాకుతుంది, నాలుగు వైపుల నుంచీ జిప్సీలు, దుమ్ము, "భయ్యా ఆగే, భయ్యా పీఛే". మీరు మీ డ్రైవర్‌కి ఒక్కటే చెప్పండి, ముందుకి తోయక్కర్లేదు, పులి ఎటు లేచి వెళ్తుందో అటు దూరంగా ఆపమని. చెరువు దగ్గర నేర్చుకున్నదే ఇది, గిజిగాడి దారి కనిపెట్టినట్టే. నీళ్ళు తాగాక సాధారణంగా దారి పట్టుకునే నడుస్తుంది, మెత్తటి దుమ్ము దాని పాదాలకి కూడా హాయి. దారికి అడ్డంగా జిప్సీ పెట్టేస్తే పొదల్లోకి దిగిపోతుంది, అందరికీ తోకే మిగులుతుంది. కొండముచ్చు అరిచిందా, దుప్పి అరిచిందా, ఎటు చూస్తూ అరుస్తోంది, అది గమనించండి, పులి అటే ఉండొచ్చు. పులి కనపడకపోతే అలిగి కూర్చోకండి, అక్కడ రేచుకుక్కలు ఉన్నాయి, ఎలుగుబంటి ఉంది, అడవిదున్న ఉంది, అవి ఏం పాపం చేశాయి?

అన్నట్టు, మన దేశంలో పులుల్ని లెక్కపెట్టటానికి ఫోటోలు తీసేది మనుషులు కాదు. చెట్టుకి కట్టిన కెమెరాలు, అటూ ఇటూ ఎదురెదురుగా రెండు. ఎందుకు రెండు? పులికి ఎడమవైపు చారలు ఒకలా, కుడివైపు ఇంకోలా ఉంటాయి, ఏ రెండు పులులకీ చారలు కలవవు. 2018 లెక్కింపులో 26,838 చోట్ల కెమెరాలు పెడితే మూడున్నర కోట్ల దాకా ఫోటోలు వచ్చాయి, అందులో పులులున్నవి 76,651. గిన్నిస్ రికార్డ్ కూడా వచ్చింది. మిగతావాటిలో గడ్డి ఊగటం, ఆవులు, జింకలు, జనం. అంటే కెమెరాకి కూడా అంత ఓపిక కావాల్సి వచ్చింది, మనకి ఒక్క సఫారీలో రావాలంటే ఎలా?

ఇక్కడ చాలామంది పిల్లల దగ్గరకి అమెరికా వెళ్ళొస్తుంటారు కదా. ఆరు నెలలు ఏం తోచట్లేదంటారు. అక్కడ తూర్పు వైపు రాష్ట్రాల్లో ఇంటి వెనకాలే గింజలు పెడితే కార్డినల్ అనే పిట్ట వస్తుంది, మగదైతే ఎర్రగా మెరిసిపోతూ, మంచు మీద చూస్తే కళ్ళు తిప్పుకోలేం. వంటింటి కిటికీలోంచి తీయొచ్చు, అద్దానికి లెన్సు ఆనించి పెడితే ప్రతిబింబం రాదు. ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి తీసుకెళ్తారు, అక్కడ రూలు గుర్తుపెట్టుకోండి, ఎలుగుబంటికి, తోడేలుకి, కూగర్‌కి (అక్కడి కొండసింహం) వంద గజాలు, బైసన్‌తో (అక్కడి అడవిదున్న) సహా మిగతావాటికి పాతిక గజాలు. గజాల లెక్క మనకి ఒకళ్ళు చెప్పాలా, ప్లాటు చూడగానే నూట యాభయ్యా రెండొందలా చెప్పేస్తాం. బైసన్ గేదెలాగ నెమ్మదిగా మేస్తూ ఉంటుంది కదా అని సెల్ఫీకి పక్కన నిలబడి కుమ్మించుకున్నవాళ్ళు ఉన్నారు, అది మనిషి కన్నా చాలా జోరుగా పరిగెడుతుంది. దాని తోక పైకి లేచిందంటే మీరు అక్కడ ఉండకూడదు.

ఇంకో రెండు మాటలు, తర్వాత ప్రశ్నలు. గుడ్లగూబ తొర్ర ఎక్కడుందో తెలిస్తే గ్రూపుల్లో పెట్టకండి. దీపావళి ముందు క్షుద్రపూజలకని గుడ్లగూబల్ని పట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు. అలుగు కూడా అంతే, కనపడ్డ చోటు ఎవరికీ చెప్పొద్దు. మీరు చెప్పకపోయినా ఫోన్ చెప్తుంది, లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు ఫోటోలోనే దాగి ఉంటుంది. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఆ చోటు వివరం కూడా వెళ్తుంది. సెట్టింగ్స్‌లో ఆపేసుకోండి.

ఏ కెమెరా కొనాలి అని ఈ బాబు అడుగుతున్నాడు. ముందు నీ దగ్గర ఏముంది? ఫోన్. ఇంట్లో బైనాక్యులర్స్ ఉన్నాయా? లేవు. ముందు అవి కొను, ఒక ఏడాది పిట్టల్ని చూడు. అప్పటికీ మోజు తగ్గకపోతే పాత కెమెరా బాడీ ఒకటి, సెకండ్ హ్యాండ్‌ది, డబ్బులన్నీ లెన్సు మీద పెట్టు. 70-300 మిల్లీమీటర్ల లెన్సు చాలు మొదట్లో. తర్వాత 150-600 కొంటావు, అందరం కొన్నాం, భుజం నొప్పి అప్పుడు తెలుస్తుంది. ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురుని ఎంత పెంచి చూపిస్తుందో ఆ అంకె, 3200 అన్నా భయపడకు, గింజగింజగా ఉన్న ఫోటో ఫర్వాలేదు, కదిలిపోయిన ఫోటోని ఎవరూ బాగుచేయలేరు.

మేడమ్ అడిగింది మంచి ప్రశ్న, తీసినవన్నీ ఏం చేయాలి అని. ఎక్కువ ఫోటోలు డిలీట్ చేయాలి, అది మొదటి పని. మిగిలినవాటికి తేదీ, చెరువు పేరు రాయండి. ఎక్కడ ఏం కనపడిందో అందరూ నమోదు చేసే వెబ్‌సైట్లు ఉన్నాయి, ఈబర్డ్‌లో పెట్టండి, ఐనాచురలిస్ట్‌లో పెట్టండి, మసక ఫోటో అయినా జాతి గుర్తుపట్టేలా ఉంటే చాలు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి ఎక్కడ ఏ పిట్ట ఉందో రాసి పెట్టారు కాబట్టే అప్పటికీ ఇప్పటికీ పోల్చి చూడగలుగుతున్నాం. కర్నూలు వైపు రోళ్ళపాడులో బట్టమేక పిట్టకోసం 1988లో అభయారణ్యం పెట్టారు, ఇప్పుడు అక్కడికి వెళ్తే కృష్ణజింకల్ని చూసి రావాలి, ఆ పిట్ట కనపడటం మానేసింది. మన చెరువుకి కిందటేడు ఎన్ని నత్తగుల్ల కొంగలు వచ్చాయో ఎవరైనా చెప్పగలరా ఇక్కడ? నేనూ చెప్పలేను. వచ్చే ఆదివారం ఆరింటికి కట్ట మీద కలుద్దాం, ఇద్దరు లెక్కపెట్టండి, ఒకరు రాయండి, మిగతావాళ్ళు ఫోటోలు తీయండి. తెల్ల చొక్కాలు, సెంట్లు వద్దు. ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకోండి. కుక్కని తెస్తానని ఒకాయన అంటున్నారు, వద్దు సార్.